అప్పలకొండ అడిగింది

సారా దీదీ వెంట వృద్ధాశ్రమాలు చూడడానికి బయల్దేరిన పొద్దున బుల్లమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. కట్టుకున్నాక, ఇదేమైనా పెళ్ళిచూపులా అని తన మీద తనకే రోత పుట్టింది. దాన్ని విప్పి పడేసి, రోజూ పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజారుకి చేపల గంపతో వెళ్ళేటప్పుడు కట్టుకునే నూలుచీరే మళ్ళీ చుట్టుకుంది.

గుమ్మం దగ్గర కుర్చీలో అత్త అప్పలకొండ కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోరు ఓ పక్కకి లాగేసింది. వీధి మొత్తం మాటలు తనొక్కతే మాట్లాడేసే మనిషికి ఇప్పుడు ఒకే ఒక్క మాట మిగిలింది. కోడలు బయటికి వెళ్ళబోతోందని కనిపెట్టి ఆ మాటే అంది.

"పా... నీ."

అని, అరచెయ్యి పైకి వచ్చేలా ఎడంచెయ్యి ముందుకు చాపింది.

"అమ్మా, దాదీ పానీ అడుగుతంది," అంటూ బుల్లమ్మ కూతురు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పిల్లలకి బళ్ళో హిందీ, వీధిలో హిందీ. నీళ్ళు అన్న మాట వాళ్ళ నోట వచ్చి ఎన్నాళ్ళయిందో. ముసలామె కూడా మనవల దగ్గర పానీ అనడం నేర్చేసుకుందని జబ్బు చేసిన కొత్తలో ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. అప్పలకొండ గ్లాసు వైపు కాసేపు చూసింది. తర్వాత తాగింది. చేతిలో పెట్టినదాన్ని వద్దనడం ఆమె పుట్టి ఎరగదు.

వచ్చిన చిక్కంతా ఆ నీళ్ళతోనే. ఆమె పూటంతా అడిగేది, వీళ్ళు పూటంతా ఇచ్చేవారు. రాత్రి పక్క తడిసిపోయేది. బుల్లమ్మ లేచి ఒళ్ళు తుడిచి, చీర మార్చి, దుప్పటి మార్చి నడుం వాల్చేలోపు మళ్ళీ "పా... నీ". ఆసుపత్రిలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, సుగరేమీ లేదు, వయసమ్మా అన్నాడు. వయసుకి మందేముంది? తెల్లారకముందే జెట్టీకి పోయి చేపలు ఎత్తుకోవాలి, బజారులో కూర్చుని అమ్మాలి. మొన్న బేరాల మధ్యలో కునికిపాటు పడి చేపలు తరిగే కత్తిపీట మీదికి ఒరిగిపోయింది. పక్కన కూర్చునే మనిషి జబ్బ పట్టుకుని వెనక్కి లాగబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే మొగుడు అసిరయ్య గోడవైపు చూస్తూ, "సారా దీదీని ఓపాలి అడగే," అన్నాడు.

అడగమన్నాడు గానీ, చూసొద్దాం రమ్మంటే రాలేదు. "నాను సూడ్లేనే. నువ్వే సూసి రా. నీకేది బాగుంటే అదే," అని డింగీ పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. కన్నకొడుకు చూడలేనిదాన్ని కోడలు చూడగలదు కాబోలు.

ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోలేక సతమతమయ్యే తెలుగువాళ్ళు, హిందువులైనా క్రైస్తవులైనా, పోర్ట్ బ్లెయిర్లో చివరికి సారా గుమ్మమే ఎక్కుతారు. ఆమె తెలుగు చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఏ ఆశ్రమంలో చోటుంది, ఎక్కడ ఆయాలు మంచివాళ్ళు, ఎక్కడ పప్పు పలచన, అన్నీ ఆమెకి తెలుసు. వచ్చినవాళ్ళని పల్లెత్తు మాట అనదు. అందుకే వెళ్తారు.

బస్సులో సారా అడగవలసినవన్నీ అడిగింది. "తనంతట తాను తింటుందా? మనుషుల్ని పోల్చుకుంటుందా? మాటేమైనా ఉందా?"

"ఒకటే మాట దీదీ. పానీ."

"అరే, అదొక్కటి చాలు చెల్లీ. హిందీ మాటే కదా, ఆయాలకి సమఝ్ అవుతుంది. కొంతమంది పెద్దవాళ్ళు దాహమని, నీళ్ళని తెలుగులోనే అడుగుతారు. పాపం, ఎవరికీ తెలీదు. మీ అత్తకి ఆ తిప్పలు లేదు."

బుల్లమ్మకి ఆ మాట ధైర్యమిచ్చింది. ఒక్క మాట మిగిలినా పనికొచ్చే మాటే మిగిలింది, అత్త అదృష్టవంతురాలే అనుకుంది.

మొదట చూసిన ఆశ్రమం గుట్ట మీద ఉంది. కొత్త కట్టడం, పాలరాయి నేల, నేల మీద మొహం కనపడుతుంది. ముసలివాళ్ళంతా వరసగా టీవీ ముందు కూర్చుని ఉన్నారు, ఎవరూ కదలడం లేదు. ఎక్కడా వాసన లేదు. అదే బుల్లమ్మకి నచ్చలేదు. వాసనే లేని చేపని ఆమె కొనదు. ఐసులో ఎన్నాళ్ళు మగ్గిందో ఎవరికెరుక? పెరట్లోకి వెళ్ళి చూసింది. దండెం మీద రెండు తువ్వాళ్ళు ఆరుతున్నాయి, అంతే.

రెండోది ఆస్టినాబాద్‌లో, రేకుల కప్పుతో, పాత బడిలాంటి ఇల్లు. లోపల పప్పు పోపు వాసన, ఫినాయిల్ వాసన, ఉచ్చ వాసన కలిసిపోయి ఉన్నాయి. వెనక పెరడంతా దుప్పట్లే. తాళ్ళ మీద చాలక గోడ మీద కూడా ఆరేశారు.

"ఇదే దీదీ," అంది బుల్లమ్మ.

"ఏం చూసి?"

"ఇన్ని దుప్పట్లు ఉతుకుతన్నారంటే మారుస్తన్నట్టే గదా."

వరండాలో నులకమంచం మీద కూర్చున్న ముసలాయన ఆ యాసకి తల తిప్పాడు. కళ్ళు బాగా మసకేసినట్టున్నాయి. "ఏ ఊరమ్మీ మీది?" అని అడిగాడు. పేరు సూరయ్యట. భావనపాడు దగ్గర్నించి వలల పనికి వచ్చినవాడట. తెలుగు మాట చెవినబడి చాన్నాళ్ళయిందని, కాసేపు కూర్చోమని బతిమాలాడు. బస్సు వేళయిందని బుల్లమ్మ కూర్చోలేదు.

మర్నాడు అసిరయ్య తల్లిని చేతుల మీద ఎత్తుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా ఆమె బయటికే చూసింది. సముద్రం కనపడినప్పుడల్లా తల అటు తిప్పింది. ఆశ్రమంలో మంచం మీద దింపాక కొడుకు వైపు చెయ్యి చాపి, "పా... నీ," అంది.

అసిరయ్య కుండలోంచి నీళ్ళు ముంచుకొచ్చి తన చేత్తో తాగించాడు. ఆమె గుక్కలు గుక్కలుగా తాగి, కొడుకు మొహంలోకి చూసి మళ్ళీ చెయ్యి చాపింది. "ఇంకా పొయ్యాలేటే?" అని అతను మళ్ళీ గ్లాసు నింపాడు. ఆశ్రమం చూసుకునే మేట్రను దీదీ నియమాలన్నీ చెప్పింది. ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, ఇంటికి తీసుకుపోవాలంటే మాత్రం చేర్పించిన మనిషే రావాలి. అతను అన్నిటికీ తలూపి, గేటు దాటాక ఆటో వెనక్కి పోయి నిలబడి ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే డింగీలో ఐసు నింపుకుని వేటకి వెళ్ళిపోయాడు. సముద్రం మీద ఎవరూ ఏమీ అడగరు.

బుల్లమ్మ ఆ రాత్రి పడుకున్నది పడుకున్నట్టే తెల్లవార్లూ నిద్రపోయింది. పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇంట్లోంచి మనిషిని పంపేసి సుఖంగా నిద్రపోయిన ఇంకో ఆడదాన్ని చూస్తే తానేమనేది? చీవాట్లు పెట్టేది. అయినా ఆ నిద్ర ఎంత తియ్యగా ఉందో ఆమెకి తెలుసు. తెలియనట్టు నటించడం ఆమెకి చేతకాదు.

బజారు పనయ్యాక ఆస్టినాబాద్ బస్సెక్కేది. పగటి ఆయా నవ్వుతూ ఎదురొచ్చి, మీ అమ్మ బహుత్ పానీ మాంగ్తీ హై దీదీ, మేం విసుక్కోకుండా ఇస్తున్నాం అని హిందీలో చెప్పేది. నిజంగానే విసుక్కునేవారు కాదు. మంచం పక్కన ప్లాస్టిక్ జగ్గు ఎప్పుడూ నిండుగా ఉండేది. అప్పలకొండ మాత్రం రోజురోజుకీ నీరసించిపోతోంది. పాదాలు ఉబ్బాయి. కోడల్ని చూడగానే చెయ్యి చాపేది, గ్లాసు చూడగానే కళ్ళు దించుకునేది.

ఓ రోజు బుల్లమ్మ వెళ్ళబోతుంటే వరండాలో సూరయ్య పిలిచాడు. "అమ్మీ, ఓ మాట. కోపగించుకోకు. మీ అత్త సేతికి ఏదేనా సిన్న పని ఇయ్యరాదేటి?"

"పనేటి తాతా?"

"పొద్దల్లా పని, పని అని అడుగుతంది గదే. నానీ మంచం మీంచి ఇంటానే ఉన్నాను. ఈలేమో నీల్లు తెచ్చి పోత్తన్నారు."

బుల్లమ్మ నవ్వేసింది. "అది పని కాదు తాతా. పానీ. హిందీలో నీల్లు."

"ఏమోనమ్మా. ఈ దేశమొచ్చి ముసిలోన్నయిపోనాను గాని ఆ హిందీ నాకు అబ్బనేదు. నాకు పనే ఇనబడతంది."

నవ్వు ఆమె మొహం మీద అలాగే ఉండిపోయింది. గేటు వైపు నాలుగడుగులు వేసి ఆగింది.

జబ్బు చెయ్యకముందు అత్త పొద్దున్నే గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఏమనేది? "పనియ్యే బుల్లీ," అనేది. అని చెయ్యి చాపేది, అరచెయ్యి పైకి పెట్టి. బుల్లమ్మ ఆ చేతిలో తలలు గిల్లమని నెత్తళ్ళ చేపల బుట్ట పెట్టేది, లేకపోతే చిరిగిన వల పెట్టేది. ఒక్కనాడు పెట్టడం ఆలస్యమైతే, నన్ను మూలన కూకోబెట్టేత్తావేటే అని వీధంతా వినబడేలా కేకలేసేది. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆ బుట్టని అటక మీద పెట్టేసింది ఎవరు? బుల్లమ్మే. ప్రేమతోనే పెట్టింది. "సేసినకాడికి సేసేవు, ఇక కూకో అత్తా," అని గడ్డం పుచ్చుకుని మరీ చెప్పింది.

ఆమె వెనక్కి వచ్చింది. సంచిలో ఇంటికని తీసుకున్న నెత్తళ్ళ పొట్లం ఉంది. ఆయా దగ్గర స్టీలు పళ్ళెం అడిగి తెచ్చి, అత్త ఒళ్ళో పెట్టి, చేపలన్నీ అందులో కుమ్మరించింది.

"పని తెచ్చాను అత్తా," అంది.

అప్పలకొండ పళ్ళెం వైపు చూసింది. ఈసారి కళ్ళు దించుకోలేదు. ఎడంచెయ్యి మెల్లగా వచ్చి ఒక చేపని తీసింది. బొటనవేలి గోటితో తల గిల్లింది, దాంతోపాటే పేగు లాగేసింది. తల పళ్ళానికి ఓ పక్క, చేప ఇంకో పక్క. రెండోది జారిపోయింది, మళ్ళీ పట్టుకుంది. పడిపోయిన కుడిచేతిని పళ్ళెం అంచుకి ఆనించి, అది జరక్కుండా ఆ చేతినే అడ్డం పెట్టుకుంది. ఆ ఉపాయం ఆమెకి ఎవరూ చెప్పలేదు. కాసేపటికి చెయ్యి దారిలో పడింది. మధ్యలో ఒక చేప మెత్తగా తగిలినట్టుంది. దాన్ని పైకెత్తి, కోడలి మొహం ముందు ఆడించి, ఇలాంటివి కొన్నావేమే అన్నట్టు కనుబొమలు ముడేసి దూరంగా విసిరేసింది.

బుల్లమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. చేపలన్నీ అయిపోయేదాకా అప్పలకొండ నోట ఆ మాట రానే లేదు. నీళ్ళ జగ్గు నిండుగా అలాగే ఉంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆమె పని అడిగింది. వీళ్ళు నీళ్ళు పోశారు. పోసిన నీళ్ళకి పక్క తడిసింది. పక్క తడిసిందని తెచ్చి ఇక్కడ పడేశారు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. మరి ఈమె అడిగింది గదా? పొద్దస్తమానం చెయ్యి చాపి అడుగుతూనే ఉంది గదా? సొంత కోడలికి, సొంత కొడుక్కి, తెలుగు తెలిసిన సారా దీదీకి వినబడని మాట, కళ్ళు కనపడని పరాయి ముసలాయనకి వినబడింది. తమ చెవులకి ఏం రోగమొచ్చిందో బుల్లమ్మకి అర్థం కాలేదు.

చేపల వాసనకి మేట్రను దీదీ ముక్కు మూసుకుంటూ వచ్చింది. "అరే, అందర్ మచ్ఛీ?" అని కోప్పడి, పళ్ళెం కడిగించింది. బుల్లమ్మ తనకి వచ్చిన హిందీలో చెప్పింది, ఈమె పానీ అడగట్లేదు, కామ్ అడుగుతోంది అని. మేట్రను చెడ్డమనిషి కాదు. నవ్వి, అప్పలకొండ తల నిమిరి, "ఇస్ ఉమర్ మే కామ్? ఆరామ్ కర్నే దో," అంది. ఈ వయసులో పనేంటి, విశ్రాంతి తీసుకోనీ అని. మరి ఇంటికి తీసుకుపోతానంటే, మీ ఆయన రావాలి కదా అంది.

అసిరయ్య డింగీ రేపు పొద్దున్నే వస్తుంది. ఈ పూటే పంపించమని గట్టిగా పట్టుబడితే పంపేదేమో. బుల్లమ్మ గట్టిగా పట్టుబట్టలేదు. ఇన్నాళ్ళు ఉంది, ఒక్క రాత్రికేం అనుకుంది. రేపటి నుంచి ఎలాగూ తనకు నిద్ర ఉండదు, ఇంకొక్క రాత్రి పడుకుంటే ఏం పోయిందిలే అని కూడా అనుకుంది. అలా అనుకున్న సంగతి ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు.

"రేపు బుట్టతో వత్తాను అత్తా. మనింటికి పోదాం," అని చెప్పి లేచింది. అప్పలకొండ చేపల వాసనేస్తున్న తన ఎడంచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

దారిలో సారా ఇంటి ముందు దిగి సంగతి చెప్పింది. సారా బియ్యం చేట పక్కన పెట్టేసింది. "అదొక్కటి చాలన్నాను కదా నేను," అంది. "రోజూ తెలుగులోనే ప్రార్థన చేస్తాను చెల్లీ. నాకూ వినబడలేదు."

పొద్దున్న జెట్టీ దగ్గర డింగీ తాడు కడుతుండగానే బుల్లమ్మ మొగుడికి మొత్తం చెప్పింది. అసిరయ్య వింటూ వింటూ తాడు చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "నా సేత్తో తాగించేనే," అన్నాడు. "ఇంకా పొయ్యాలా అని అడిగి మరీ పోసేను." తర్వాత ఐసుపెట్టెలోకి వంగి, పట్టిన నెత్తళ్ళలో మెరిసేవి, గట్టిగా ఉన్నవి ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేశాడు. మెత్తటిది ఒక్కటి కూడా ఉండకూడదన్నాడు. బుల్లమ్మ ఇంటికి పరిగెత్తి, అటక మీంచి అత్త పాత బుట్ట దింపి దులిపి తెచ్చింది. చేపలు అందులోకి మార్చారు. ఆటోలో బుట్టని అసిరయ్య ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తమ ఇంటి ముందు అరుగు వేయించాలని, అమ్మ అక్కడ కూర్చుంటే జెట్టీ కనబడుతుందని దారంతా చెప్తూనే ఉన్నాడు.

గేటు దగ్గర దిగేసరికి వరండాలో సూరయ్య లేచి నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడు పోల్చుకుని, "అమ్మీ," అని మంచంకోడు పట్టుకున్నాడు.

ఆ పిలుపుతోనే బుల్లమ్మ లోపలికి పరిగెత్తింది.

లోపల అప్పలకొండ మీద ఉతికిన దుప్పటి కప్పి ఉంది. తెల్లవారుతుండగా రెండోసారి పక్షవాతం వచ్చిందని, కబురు చెప్పడానికి మనిషిని పంపామని, దారిలో తప్పిపోయి ఉంటారని మేట్రను చెప్తోంది. అసిరయ్య బుట్టతో సహా నేల మీద కూలబడ్డాడు. "ఓలమ్మా, పని తెచ్చేనే! లేయే! పని తెచ్చేనే!" అని తల్లి కాళ్ళ దగ్గర తల బాదుకున్నాడు.

రాత్రి డ్యూటీ ఆయా ఇంకా వెళ్ళలేదు. రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్ల, పెళ్ళయిన గుర్తుగా నుదుట సిందూరం, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. డ్యూటీ అయిపోయినా వీళ్ళు వచ్చేదాకా ఉండాలని ఉండిపోయిందట. బుల్లమ్మ చేతులు పట్టుకుని హిందీలో గబగబా చెప్పింది. అమ్మ నా చెయ్యే పట్టుకుని ఉంది దీదీ. ఆఖరిదాకా పానీ, పానీ అంది. నేను పక్క నుంచి లేవలేదు. అడిగినప్పుడల్లా చెంచాతో పోశాను. చివరి చుక్క కూడా గొంతు దిగింది. దాహంతో పోనివ్వలేదు దీదీ, నీ మీద ఒట్టు.

అసిరయ్య తలెత్తాడు. నోరు తెరిచాడు. ఆమె అడిగింది అది కాదని అరవబోతున్నాడని బుల్లమ్మకి తెలిసింది. వంగి అతని భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. అతను నోరు మూసుకుని మొహం బుట్టకేసి తిప్పుకున్నాడు.

ఆ పిల్ల ఇంకా ఆమె మొహంలోకే చూస్తోంది. మంచి చేశాననే ఒక్క మాట కోసం చూస్తోంది. బుల్లమ్మకి ఆ క్షణంలో ఒక్క హిందీ ముక్క కూడా నోటికి రాలేదు. బజారులో రోజంతా మాట్లాడే హిందీ ఎటుపోయిందో పోయింది.

"మంచి పని సేసేవమ్మా," అంది తెలుగులో. "మంచి పని."

ఆ పిల్లకి అందులో ఒక్క మాటే అర్థమయింది. "పానీ? అభీ లాతీ హూఁ దీదీ," అని కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తింది. అప్పలకొండ మంచం పక్కనున్న జగ్గులోంచే గ్లాసు నిండా ఒంపి తెచ్చి, బుల్లమ్మ చాపని చేతిలో పెట్టింది.

బుల్లమ్మ గ్లాసు వైపు కాసేపు చూసింది. తర్వాత తాగింది.